నెట్‌ను తిట్టే ముందు ల్యాప్‌టాప్‌ను అడుగు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం అందింది. మధురవాడలో మీ అన్నయ్యగారింట్లో ఉన్న కంప్యూటర్‌ను, తెరను నెట్ ద్వారా పంపే సన్‌షైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిపిస్తూ, గాజువాకలో నీ పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని అందుకునే మూన్‌లైట్‌తో చూస్తుంటే దృశ్యం ఆగి ఆగి వస్తోందనీ, దీనికంతటికీ ఇంటర్నెట్ ఇచ్చినవాళ్లే కారణమనీ తేల్చేశావు. వాళ్లను తిట్టుకోవడం మనకు అలవాటే గానీ, ఈసారి నా అనుమానం నీ ల్యాప్‌టాప్ మీద ఉంది.

దృశ్యం నడుస్తుండగా కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీటలు నొక్కిపట్టి ఎస్ నొక్కితే తెర మీద గణాంకాలు కనిపిస్తాయి. వాటిలో నెట్‌వర్క్ వల్ల పోయిన ఫ్రేముల (వీడియోలోని ఒక్కో బొమ్మ) శాతాన్నీ, సగటు డీకోడింగ్ సమయాన్నీ, అంటే కుదించి పంపిన ఫ్రేమును విప్పడానికి పట్టే సమయాన్నీ, పక్కపక్కన పెట్టి చూడు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లే కనుక, విప్పడానికి అంతకంటే ఎక్కువ పడుతుంటే, సాయంత్రం మద్దిలపాలెం కూడలిలో బస్సుల్లా ఫ్రేములు ఒకదాని వెనుక ఒకటి నిలిచిపోతాయి. పోయిన ఫ్రేములు సున్నాకు దగ్గరగా ఉండి డీకోడింగ్ సమయం మాత్రం పెరిగిందంటే, నెట్ నిర్దోషి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కొత్తది కదా అని నువ్వు సెట్టింగుల్లో ఏవీ1 కోడెక్‌ను (వీడియోను కుదించి, తిరిగి విప్పే పద్ధతి) పట్టుబట్టి ఎంచుకున్నావని రాశావు. నీది 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్. ఏవీ1 ప్రమాణం వెలువడిందే 2018లో, దాన్ని విప్పే హార్డ్‌వేర్ ఇంటెల్ చిప్పుల్లోకి వచ్చింది 2020లో. అందువల్ల ఆ పని మొత్తం సీపీయూ నెత్తిన పడుతోంది. విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, గ్రాఫిక్స్ విభాగంలో వీడియో డీకోడ్ గీత కదలకుండా ఉండి సీపీయూ మాత్రం ఎగసిపడుతోందేమో చూడు. అలాగైతే నా అనుమానం నిజమే. కోడెక్‌ను ఆటోమేటిక్‌కు మార్చు. నీ చిప్పు హెచ్.264, 8 బిట్ల హెచ్‌ఈవీసీ అనే పాత కోడెక్‌లను హాయిగా విప్పుతుంది. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ కూడా ఆపెయ్యి, దానికి 10 బిట్ల వీడియో కావాలి, ఆ చిప్పులో దానికి పూర్తి హార్డ్‌వేర్ లేదు. అక్షరాలు స్పష్టంగా కనబడాలని, రంగుల వివరాలను తగ్గించకుండా పంపే 4:4:4 ఎంపికను ఆన్ చేసి ఉంటే దాన్నీ తీసెయ్యి. నీ యంత్రంలో దాన్ని కూడా సీపీయూనే మోయాలి. అంత ముచ్చట పాత ల్యాప్‌టాప్‌కు తగదు.

లినక్స్‌కు మారాలని ఉందన్నావు గనుక ఒక మాట: టెర్మినల్‌లో వీఏఇన్ఫో (vainfo) అనే ఆదేశం నడిపితే, గ్రాఫిక్స్ చిప్పు ఏ కోడెక్‌లను విప్పగలదో చూపే జాబితా వస్తుంది. అందులో, హెచ్‌ఈవీసీ పేరున్న వరుసలో వీఎల్‌డీ (VLD) అని ఉంటేనే డీకోడింగ్ ఉన్నట్టు. ఎన్‌కోడ్‌కు గుర్తుగా Enc అని ఉన్న వరుసను చూసి సంతోషపడకు, అది వీడియోను తయారుచేసే వైపు. కొన్ని లినక్స్ పంపిణీలు (లినక్స్ రకాలు) పేటెంట్ల భయంతో ఈ కోడెక్‌లను డ్రైవర్ల నుంచి తీసేస్తాయి. ఫెడోరా అనే పంపిణీ 2022లో ఏఎండీ గ్రాఫిక్స్ విషయంలో అలాగే చేసింది. అప్పుడు చిప్పు బాగానే ఉన్నా పని మళ్లీ సీపీయూకే చేరుతుంది.

పోయిన ఫ్రేముల శాతం పెరిగితే మాత్రం అది నెట్‌వర్క్ దారిలోని నష్టమే. అప్పుడు బిట్‌రేటు (సెకనుకు పంపే వీడియో డేటా) తగ్గించి, ల్యాప్‌టాప్‌ను వీలైతే వైరుతో, లేదంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైతో కలుపు.

ఈ మార్పులు చేశాక తెర మీది గణాంకాలను ఫొటో తీసి పంపు. అమ్మగారికి నా నమస్కారాలు.

నీ
శ్రీను