ఎర్రమట్టి దిబ్బల దగ్గర సిమెంటు డైనోసార్లు వద్దు

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. ఇక అక్కడ పర్యాటక వసతుల మాట రాక మానదు. ఆ వసతులు ఎలా ఉండాలో, మరీ ముఖ్యంగా ఎలా ఉండకూడదో, ఒక పోలికతో మీ పాఠకులకు చెప్పదలచి ఈ లేఖ రాస్తున్నాను.

కెనడాలోని కాల్గరీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు, చలికాలంలో ఒక రోజు డ్రమ్‌హెల్లర్ చూసి వచ్చాం. అది అల్బెర్టా రాష్ట్రంలో, కాల్గరీకి ఈశాన్యంగా సుమారు గంటన్నర దూరంలో ఉన్న చిన్న పట్టణం. పంట చేల మధ్య బల్లపరుపుగా సాగే రోడ్డు ఉన్నట్టుండి రెడ్ డీర్ నది లోయలోకి దిగుతుంది. వాన నీటికీ, కరిగిన మంచుకూ కోసుకుపోయి, సాగుకు పనికిరాని గండ్లుగా, గుట్టలుగా మిగిలిన ఆ నేలను అక్కడివారు బ్యాడ్‌ల్యాండ్స్ అంటారు. అంత చలిలో ఈ ప్రయాణమేమిటని బంధువులు నవ్వారు గానీ, ఆ గుట్టలను చూడవలసిన కాలం అదేనని నాకు అనిపించింది. పొరల అంచుల మీద సన్నగా నిలిచిన మంచు వల్ల నల్లని బొగ్గు పొర ఎక్కడ ముగిసిందో, బూడిద రంగు మట్టి ఎక్కడ మొదలైందో, గీత గీసినట్టు స్పష్టంగా కనిపించింది. ఆ పొరల వయసు సుమారు 7 కోట్ల ఏళ్లు. 1884లో జోసెఫ్ బర్ టిరెల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు కోసం ఆ ప్రాంతాన్ని సర్వే చేస్తుండగా మాంసాహారి డైనోసార్ పుర్రె ఒకటి బయటపడింది. తర్వాత 1905లో దానికి అల్బెర్టోసారస్ అని పేరు పెట్టారు. 1985లో అక్కడ ప్రారంభమైన మ్యూజియం నేడు ఆయన పేరుతోనే రాయల్ టిరెల్ మ్యూజియంగా ప్రసిద్ధి చెందింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి అస్థిపంజరాలు కావు, ఆ నేలను కాపాడుతున్న తీరు. హూడూలనే రాతి స్తంభాల నెత్తిన గట్టి రాయి గొడుగులా ఉండటం వల్ల కింది మెత్తని ఇసుకరాయి కొంతకాలం నిలుస్తుంది. మనుషులు ఎక్కితే ఆ స్తంభాలు ఎన్నాళ్లో నిలవవు కాబట్టి, వాటి మధ్య మెట్లు, నడక వంతెనలు, కంచెలు ఏర్పాటు చేసి, ఏ పొర ఎలా ఏర్పడిందో బోర్డుల మీద రాశారు. అల్బెర్టా చట్టం ప్రకారం అక్కడ దొరికే శిలాజం ఎవరి పొలంలో బయటపడినా ప్రభుత్వ ఆస్తే. అనుమతి లేకుండా తవ్వితే నేరం. మ్యూజియంలో రాతి నుంచి ఎముకను వేరుచేసే పనిని సందర్శకులు అద్దాల వెనుక నుంచి చూడవచ్చు. అరగంట సేపు ఒక ఎముక అంచును శుభ్రం చేయడమే చూస్తూ నిలబడిన పిల్లల ఓపికకు ఆశ్చర్యపోయాను.

ఆ ఊళ్లో సుమారు 26 మీటర్ల ఎత్తున్న డైనోసార్ బొమ్మ కూడా ఉంది. మెట్లెక్కి దాని నోట్లో నిలబడవచ్చు. అసలు జంతువు కంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆ బొమ్మను నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆ ఊరి మట్టిలో డైనోసార్లు నిజంగానే ఉన్నాయి. మన దిబ్బల్లో లేవు. గండ్లు, నిట్టనిలువు గోడలు చూడటానికి ఒకేలా ఉన్నా, మనవి సముద్రపు ఇసుకను గాలి మేటవేయగా ఏర్పడి, ఇనుప ఆక్సైడు పూత వల్ల ఎర్రబడిన దిబ్బలు. వాటి వయసు కోట్ల ఏళ్లలో కాదు, వేల ఏళ్లలో లెక్కించవలసినది. సముద్రమట్టం ఎక్కడిదాకా తగ్గి మళ్లీ ఎలా పెరిగిందో చెప్పే ఆధారాలు అవి. దక్షిణాసియాలో వీటిని పోలినవి తమిళనాడు, శ్రీలంక తీరాల్లో మాత్రమే ఉన్నాయి. చుట్టుపక్కల తూర్పు కనుమల ఖొండలైటు రాళ్లయితే భూమి మీద జంతువులు పుట్టక ముందటివి. కనుక అక్కడ రాక్షసబల్లి బొమ్మ పెడితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే అవుతుంది. తెలుగు నేలకు దక్కిన డైనోసార్‌ను చూపాలనుకుంటే, గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అక్కడికి విహారయాత్ర వేయవచ్చు.

ఈ దిబ్బలు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల్లో ఒకటి. అయినా కార్తీక వనభోజనాల నాటి నుంచి సంక్రాంతి సెలవుల దాకా వచ్చే జనం గోడలెక్కి జారుతారు, పేర్లు చెక్కుతారు, ఫొటోల కోసం అంచులు తొక్కి కూలుస్తారు. వారిని తిట్టి ప్రయోజనం లేదు. ఎక్కడ నడవాలో చూపే బాట లేనప్పుడు ఎవరైనా ఎక్కడైనా నడుస్తారు. అంతకంటే పెద్ద ప్రమాదం దిబ్బల అంచుల్లో ఉంది. 2024 జులైలో దిబ్బలను ఆనుకున్న భూమిని యంత్రాలతో చదును చేయడం పత్రికల్లో వచ్చింది. పైనున్న మెరక నుంచి వచ్చే వాననీరే ఈ గండ్లను మలిచింది. ఆ నీటి దారులు పూడ్చినా, మళ్లించినా, కంచె లోపలి భాగం భద్రంగా ఉందనుకోవడం భ్రమే.

అధికారులకు నా విన్నపం ఇది. ముందుగా నీటి పరీవాహక ప్రాంతంతో సహా సరిహద్దు నిర్ణయించి రాళ్లు పాతాలి. నేలను తాకని నడక బాట ఒకటి, తెలుగులో వివరించే బోర్డులు కొన్ని చాలు. ఆ బోర్డుల వాక్యాలను ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర విభాగం చేత రాయించాలి. చుట్టుపక్కల గ్రామాల యువతకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా నియమిస్తే వారికి ఉపాధి, దిబ్బలకు కాపలా రెండూ దక్కుతాయి. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో విడుదల చేసిన ముసాయిదా బిల్లుకు చట్టరూపం వచ్చేలా మన ఎంపీలు పట్టుబట్టాలి. అది జరిగేదాకా జిల్లా యంత్రాంగం ఆగనవసరం లేదు. బోర్డులు, బాట వచ్చే విహారయాత్రల కాలం లోపలే పూర్తిచేయవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం