ముందు చక్రాల విషయంలో తప్పు నాదే

మూడు వారాలుగా కార్లకు వెడల్పు అల్లాయ్ చక్రా‌ల ఆర్డర్లు తీసుకోవట్లేదని ఫోన్ చేసిన వాళ్లందరికీ చెప్తూ వచ్చాను. ఒకరిద్దరితో "స్టాక్ లేదన్నా" అన్నాను. అది అబద్ధం. వరంగల్ హంటర్ రోడ్డు మీదుగా రోజూ పోయేవాళ్లకు అసలు సంగతి కొంత తెలిసే ఉంటుంది, ఆ ఎర్ర కారు నాలుగు రోజులు మన షాపు ముందు జాకీల మీదే ఉంది కదా. దసరాకు బండ్ల పూజలోపు చక్రాలు మార్పించుకోవాలని చాలామంది అడుగుతున్నారు. ఆర్డర్లు మళ్లీ మొదలుపెట్టే ముందు జరిగింది చెప్పేస్తాను.

కారు ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, కరీంనగర్ నుంచి వచ్చింది. "అన్నా, బండి జూస్తే పులి లెక్కున్నది, కాళ్లు సన్నగ కొడుతున్నయి. టైర్లు నిండుగ కావాలె" అన్నాడు బండి ఓనర్. కంపెనీ ఇచ్చినవే ముందు 255/40 ఆర్19, వెనక 275/40 ఆర్19. మొదటి నంబరు టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, ఆఖరిది రిమ్ అంగుళాలు. సన్నవేమీ కావు. అయినా ఆయన ముచ్చట ఆయనది. రిమ్ 19 అంగుళాలే ఉంచి, ముందు 285/35, వెనక 305/35 వేద్దామని అనుకున్నాం.

ఎత్తు లెక్క సరిగ్గానే వేశాను. 255లో 40 శాతం అంటే 102 మిల్లీమీటర్లు, కిందా పైనా కలిపి 204. దానికి 19 అంగుళాల రిమ్, అంటే 482.6 కలిపితే టైరు ఎత్తు 686.6. కొత్తది 682.1 వస్తుంది. వెనక 702.6 నుంచి 696.1కి. రెండు చోట్లా తేడా ఒక శాతం లోపే, కాబట్టి స్పీడోమీటరుకూ, బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్‌కూ ఇబ్బంది లేదు. వెడల్పు పెంచినప్పుడు టైరు సైజులో రెండో నంబరు తగ్గించేది అందుకే.

నేను దెబ్బ తిన్నది ఆఫ్‌సెట్ దగ్గర. రిమ్ మధ్యగీతకూ, చక్రం బిగించే హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరాన్ని ఈటీ అని మిల్లీమీటర్లలో రాస్తారు. ఈ నంబరు తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. మస్టాంగ్ ముందు చక్రం 9 జె (అంటే రిమ్ వెడల్పు 9 అంగుళాలు), ఈటీ 45. నేను ఆర్డర్ ఇచ్చింది 10 జె, ఈటీ 40. అంగుళం వెడల్పు పెరిగితే రెండు పక్కలా చెరో 12.7 పెరుగుతుంది. ఈటీ 5 తగ్గింది కాబట్టి బయటి అంచు 17.7 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 7.7 లోపలికి జరుగుతాయి. ఆ కారుకు అది పడుతుంది.

అట్టపెట్టె మీద స్టిక్కర్ ఈటీ 40 అనే ఉంది. పెట్టె విప్పింది మన షాపులో పనిచేసే పిల్లాడు. ఒక రిమ్ తిరగేసి, పుల్ల (స్పోక్) వెనకాల వేలు పెట్టి "అన్నా, ఈడ 30 అని ఉన్నది" అన్నాడు. బయట ముగ్గురు కస్టమర్లు నిలబడి ఉన్నారు, నాకు టెన్షన్. "అది అచ్చు నంబర్రా, పని చూడు" అని కసిరాను. అది అచ్చు నంబరు కాదు, ఈటీ 30. బయటి అంచు 17.7 రావాల్సింది 27.7 వచ్చింది.

ఖాళీ బండిలో ఏమీ తెలియలేదు. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూశాం, షాపు ముందు రెండు రౌండ్లు కొట్టాం, ఫొటోలు కూడా దిగాం. సాయంత్రం ఆయన ఇంకో ఇద్దరిని ఎక్కించుకుని కరీంనగర్ బయల్దేరాడు. హసన్‌పర్తి దాటాక ఓ స్పీడ్ బ్రేకర్ మీద బండి కిందికి దిగేసరికి టైరు తన పైనున్న బాడీ రేకును, అంటే ఫెండర్‌ను కొరికింది. వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. లోపలి ప్లాస్టిక్ లైనర్ చిరిగిపోయింది. ఫెండర్ అంచున రంగు లేచి ఇనుము కనిపిస్తోంది. కొత్త టైరు భుజం మీద రబ్బరు పీచులు పీచులుగా ఉంది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "ఏం జేద్దామన్నా?" అని మాత్రం అడిగాడు.

లైనర్, పెయింటు, ఒక టైరు, సరైన ఈటీ 40 రిమ్‌లు రెండు, అన్నీ నేనే పెట్టుకున్నాను. ఆ ఈటీ 30 రిమ్‌లు టైరు ఎక్కించినవి కాబట్టి పంపినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. స్టిక్కర్ తప్పు వాళ్లదే, కానీ తిరగేసి చూడాల్సింది నేను. మరుసటి రోజు పిల్లాడికి అందరి ముందే సారీ చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. కారు ఒక రోజు మొత్తం మా దగ్గర ఉండాలి, "గంటలో అయితదా" అని అడగొద్దు. మొదట టైరు లేకుండా ఒట్టి రిమ్ బిగించి చూస్తాం. రిమ్ పుల్లకూ, బ్రేకు ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్‌కూ మధ్య ఎంత సందు ఉందో కంటికి తెలియదు. అందుకే క్యాలిపర్ మీద చపాతీ పిండి ముద్ద అంటించి, రిమ్ ఎక్కించి, చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పుతాం. అణిగిన ముద్ద మందమే ఆ సందు. మా ఇంట్లో దీని మీద జోకులు నడుస్తున్నాయి, నడవనివ్వండి. ఆ తర్వాత ఒక్క టైరే ఎక్కించి, దాని భుజానికి సుద్ద పూసి, పక్క కిరాణా షాపు నుంచి తెచ్చిన బియ్యం బస్తాలు సీట్లలోనూ డిక్కీలోనూ వేసి, కాజీపేట బ్రిడ్జి దాకా పోయి వస్తాం. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడ రాసుకుంటోందని అర్థం.

ఆఖరి బిగింపు ఇక గాలి గన్‌తో కాదు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తోనే. మస్టాంగ్ నట్లకు 204 న్యూటన్ మీటర్లు, పోలో బోల్టులకు 120. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వస్తే ఉచితంగా చెక్ చేస్తాం. పోలో, ఆక్టేవియా వాళ్లకు ఇంకో మాట. మీ కంపెనీ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బయట దొరికే అల్లాయ్‌లలో ఎక్కువ వాటికి కోసుగా ఉండే బోల్టు కావాలి. పాత బోల్టులే బిగిస్తే సరిగ్గా కూర్చోవు, వదులవుతాయి. మీ హబ్ 57.1 మిల్లీమీటర్లు, అల్లాయ్ రంధ్రం చాలాసార్లు 73.1 ఉంటుంది, మధ్యలో రింగు లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది. స్పేసర్లు (చక్రానికీ హబ్‌కూ మధ్య పెట్టే ప్లేట్లు) మాత్రం వేయను, వేరే షాపు చూసుకోండి.

అసలు వెడల్పు అవసరమా అని నన్ను అడిగితే, చాలామందికి అక్కర్లేదనే చెప్తాను. బండి బరువూ గాలీ మారనప్పుడు నేలకు ఆనే రబ్బరు పెద్దగా పెరగదు. ఇంతకుముందు నిలువుగా ఆనేది ఇప్పుడు అడ్డంగా ఆనుతుంది. మలుపుల్లో పట్టు బాగుంటుంది, నిజమే. కానీ వాన నీరు టైరు కింది నుంచి పక్కకు పోవాల్సిన దూరం పెరుగుతుంది కాబట్టి స్పీడులో టైరు తొందరగా నీటి మీద తేలుతుంది. గ్రానైట్ లారీలు తిరిగి గాడులు పడ్డ కరీంనగర్ రోడ్డులో స్టీరింగ్ అటూ ఇటూ లాగుతుంది. మైలేజీ తగ్గుతుంది. అదే డబ్బుతో కంపెనీ సైజులోనే మంచి రబ్బరున్న టైర్లు వేసుకుంటే తేడా మొదటి వానలోనే తెలుస్తుంది. ఇలా చెప్తే నాకు వ్యాపారం తగ్గుతుంది, తెలుసు.

మార్పిస్తానంటే మాత్రం ముందు మీ ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. టైరు ఫెండర్ దాటి బయటికి కనిపించే పని ఇక మన షాపులో జరగదు.

ఆ రెండు రిమ్‌లు షాపు గోడకు వేలాడుతున్నాయి. 19 అంగుళాలు, 10 జె, 5 ఇంటు 114.3 (అయిదు నట్లు, 114.3 మిల్లీమీటర్ల వృత్తం మీద). మీ బండికి సరిపోతే కొన్న ధరలో సగానికి ఇస్తాను. ఈటీ 30 అని పిల్లాడు సుద్దతో రోడ్డు మీదికి కనిపించేంత పెద్దగా రాసి పెట్టాడు. చెరపొద్దని చెప్పాను.