సంచి తెచ్చిచ్చిన మీకు

ఆ బుధవారం సాయంత్రం వానలో తార్నాకలో బస్సు దిగే హడావుడిలో నా గుడ్డసంచి సీట్లోనే ఉండిపోయింది. అందులో ఉన్నది మా ఉస్మానియా పిల్లలు రాసిన 11 కథలు. అన్నీ చేతిరాతవే, వేరే కాపీ లేదు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

మేం ప్రతి శనివారం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటాం. 1939 నాటి ఆ గులాబీ రంగు రాళ్లు సాయంత్రానికి కూడా వెచ్చగానే ఉంటాయి. ఒకరు కథ చదువుతారు. మిగతావాళ్లు మాట్లాడినంతసేపూ రాసినవాళ్లు నోరు మెదపకూడదు, అదొక్కటే మా నియమం. జిల్లాల నుంచి వచ్చి మొదటిసారి తమ ఇంటి మాటల్లో రాసుకున్నవాళ్లే ఎక్కువ. ఆ మాటలు మళ్లీ అలాగే రావు, అందుకే అంత భయపడ్డాను.

పుస్తకం అట్ట మీద రాసుకున్న చోటు, వేళ చూసి, మీరు శనివారం దాకా ఆగి మరీ వచ్చారట. తడవకుండా రెండు కవర్లు చుట్టి, వాచ్‌మన్ చేతిలో పెట్టి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారట. ఏడో కథ మధ్యలో మడిచి పెట్టిన బస్సు టికెట్టు దొరికింది. వెనకాల పెన్సిల్‌తో, "వాళ్లమ్మ తిరిగొచ్చిందా?" అని ఉంది. ఆ కథ రాసిన అమ్మాయి అది చదివి ఏడ్చేసింది. చివరి పేజీ ఇంకా రాయలేదండీ తను, ఇప్పుడు రాస్తోంది.

మీకు మా అందరి దండాలు. ఏ శనివారమైనా 5 గంటలకు రండి, ఆ కథ మీకే ముందు వినిపిస్తాం.