అప్పీల్లో మాట్లాడేది బిడ్డ కాదు, రికార్డు

సంపాదకులకు,

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో శిక్షను హైకోర్టు రద్దు చేసిందన్న వార్త రాగానే ‘అయితే పాప అబద్ధం చెప్పిందన్నమాట’ అని కొందరు, ‘మన కోర్టులింతే’ అని కొందరు తేల్చేస్తారు. తీర్పు తిరగేస్తే చాలాసార్లు ఈ రెండూ కావు. అప్పీలు వినే జడ్జికి బిడ్డ ముఖం కనపడదు. ఎదుట ఉండేది పేపర్ బుక్కే, అంటే కింది కోర్టు రికార్డు కట్టే. కింది కోర్టు రాయనిది మామూలుగా అందులోకి తర్వాత రాదు.

సాక్ష్యం చెప్పడానికి చట్టం కనీస వయసు పెట్టలేదు. అడిగింది అర్థమై, సబబైన జవాబు చెప్పగలిగితే చాలు. ఏ బడి, ఏ తరగతి, అబద్ధమాడితే ఏమవుతుంది వంటి ప్రశ్నలతో జడ్జి ఆ సంగతి చూసుకుంటారు. ఆ ప్రశ్నలూ జవాబులూ ఉన్నవున్నట్టు రికార్డుకెక్కాలి. ‘సాక్షికి అవగాహన ఉందని తృప్తి చెందాను’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ఆ తృప్తి సరైనదో కాదో అప్పీల్లో చూడటం కష్టం. ప్రమాణం చేయించకపోవడం మాత్రం సాక్ష్యాన్ని చెల్లకుండా చేయదు. 1951లోనే రామేశ్వర్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది.

అసలు చిక్కు వైరుధ్యాల దగ్గర. పోక్సో కోర్టులో డిఫెన్స్ లాయరు బిడ్డను నేరుగా అడగకూడదు. ప్రశ్నలు జడ్జికి ఇస్తే, జడ్జి అడుగుతారు. పోలీసులకు చెప్పిన మాట వేరుగా ఉంటే ఆ భాగాన్ని బిడ్డకు చదివి వినిపించాలి. ‘నేనలా చెప్పలేదు’ అంటే స్టేట్‌మెంట్‌లో అంతవరకే రికార్డులో గుర్తు వేసి, దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు ఆయన చేత రుజువు చేయించాలి. ఈ రెండో మెట్టు మరిచి, అప్పీల్లో పోలీసు స్టేట్‌మెంట్ తెరిచి చదివితే లాభం లేదు. తల్లి రాసిన ఫిర్యాదులో ఒక మాట లేకపోతే అది బిడ్డ వైరుధ్యం కాదు. అయినా అప్పీలు మెమోల్లో ఈ వాదన మామూలే. ఇక ‘ఆ రోజు ట్యూషన్ లేదు, నువ్వు ఇల్లు కదల్లేదు, అవునా?’ అని రెండు సంగతులు కలిపి అడిగితే, బిడ్డ అన్న ‘ఊఁ’ దేనికి? టైపైన వాంగ్మూలంలో అది రెండింటికీ ఒప్పుకోలుగా మారిపోతుంది. జడ్జికిచ్చిన ప్రశ్నల కాగితాన్ని రికార్డుకు జతచేస్తే ఈ తంటా సగం తీరుతుంది.

విశ్వసనీయత తూచేటప్పుడు ఏడేళ్ల పిల్ల తేదీ చెప్పలేక ‘దసరా సెలవుల్లో’ అనడం లోపం కాదు. ఎవరు, ఎక్కడ, ఏం చేశాడు అన్నవి నిలిచాయా చూడాలి. ఆరోపణ స్టేషన్లో ఒకలా, మేజిస్ట్రేటు దగ్గర ఇంకాస్త పెద్దగా, కోర్టులో మరింత పెద్దగా పెరుగుతూ, అదే సమయంలో రెండిళ్ల మధ్య స్థలం తగాదా నడుస్తుంటే ‘ఎవరైనా నేర్పారా’ అన్న అనుమానం సహజం. అయితే పిల్లలు భయంతో కొంచెం కొంచెంగా చెప్పడమూ ఉంది. తేల్చేది బిడ్డ మొదట ఎవరికి, ఎప్పుడు చెప్పింది అన్నదే. ఆ మొదట విన్న మనిషిని, ఆమె క్లాస్ టీచరైనా పక్కింటావిడైనా, ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలవకపోతే కేసు బలహీనపడుతుంది.

పోక్సో సెక్షన్ 29 కింద నిందితుడు నేరం చేసినట్టే భావించాలని ఉంది కదా అంటారు. ముందు మూల విషయాలను ప్రాసిక్యూషన్ నిలబెట్టాకే ఆ భావన. వయసు వాటిలో ఒకటి. బడి సర్టిఫికెట్‌తోగానీ జనన ధ్రువపత్రంతోగానీ, అవి లేకుంటే వైద్య పరీక్షతోగానీ అది సరిగా రుజువు కాకపోతే, బిడ్డ చెప్పింది నిజమే అయినా పోక్సో శిక్ష నిలవదు. బాధిత మహిళలకు, పిల్లలకు సాయపడే భరోసా కేంద్రం ఉన్న మన హైదరాబాద్‌లో బిడ్డ వాంగ్మూలాన్ని వీడియో తీయడం కష్టమేమీ కాదు. కానీ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్ జతచేయకపోతే ఆ సీడీ ఉండీ లేనట్టే.

విలేకరులకు మనవి: శిక్ష రద్దయితే సాక్ష్యం నమ్మలేదా, వయసు రుజువు కాలేదా, కాగితం సాక్ష్యంగా మార్కు కాలేదా అన్నది ఒక్క వాక్యంలో రాయండి. బడి పేరు, కాలనీ పేరు మాత్రం వద్దు. పోక్సో సెక్షన్ 23 వాటిని నిషేధించింది.

– ఒక క్రిమినల్ న్యాయవాది, నాంపల్లి, హైదరాబాద్