జలుబు మాత్ర ఇచ్చే ముందు "బీపీ ఉందా" అని అడిగించండి సార్

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

విశాఖపట్నం కంచరపాలెం నుంచి రాస్తున్నాను సార్. మా అమ్మకి 63 ఏళ్ళు, పదేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటోంది, ఒక్కరోజు మానదు, కూరలో ఉప్పు తగ్గించింది, ఎండు చేపలంటే ప్రాణం, అవీ మానేసింది. మొన్న వానలకి జలుబు చేస్తే సందు చివర మెడికల్ షాపుకెళ్ళి "బాబూ ముక్కు పట్టేసింది, ఒళ్ళంతా నొప్పులు, ఏదైనా ఇయ్యి" అంది. అతను రెండు స్ట్రిప్పులు తీసి కత్తెరతో ఆరేసి మాత్రలు కత్తిరించి కాగితం కవర్లో వేసిచ్చాడు. బీపీ ఉందా అని అతను అడగలేదు, చెప్పాలని అమ్మకి తెలీదు. మూడో రోజుకి తల బరువు, గుండె దడ, చూపిస్తే పై బీపీ 184.

డాక్టర్ గారు మొదట అడిగింది ఏం మాత్ర వేశారని. నా చేతిలో ఉన్న ముక్క మీద పేరు సగమే ఉంది, లోపల ఏముందో రాసిన వైపు షాపులోనే ఉండిపోయింది. మళ్ళీ షాపుకి పరిగెత్తి మిగతా స్ట్రిప్పులు చూస్తే ఒకదాంట్లో ముక్కు దిబ్బడకి వాడే ఫినైలెఫ్రిన్, రెండోదాంట్లో నొప్పులకి వాడే డైక్లోఫెనాక్.

ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ లాంటివి ముక్కులో వాపు తగ్గించడానికి రక్తనాళాల్ని బిగిస్తాయట, కానీ మింగిన మందు ముక్కు దగ్గరే ఆగదు కదా, అందుకే బీపీ పెరగొచ్చు అన్నారు డాక్టర్ గారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అయితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టేస్తాయి, పైగా బీపీ మాత్రని సరిగ్గా పనిచెయ్యనివ్వవు. అంటే అమ్మ నోరు కట్టుకుని తగ్గించిన ఉప్పుని ఈ మాత్ర లోపల ఆపేసిందన్నమాట, అది విన్నాక నాకు ఏడుపొచ్చింది సార్. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే మాత్రల్లో కూడా చాలావాటిలో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, ఎక్కువే.

అమ్మకి చివరికి ఇచ్చింది ఉప్పునీటి ముక్కు చుక్కలు, ఆవిరి, నొప్పికి డాక్టర్ చెప్పిన డోసులో పారాసిటమాల్, అంతే. ఇంకో సంగతి, మా పక్కింటి మావయ్య గారు రెండు నెలలు పొడి దగ్గుకి సిరప్ సీసాలు తాగుతూనే ఉన్నారు, తీరా చూస్తే ఆ దగ్గు ఆయన వాడే రామిప్రిల్ అనే బీపీ మాత్ర వల్లేనట, ఎనలాప్రిల్‌తో కూడా కొందరికి అలా వస్తుందట. సొంతంగా మానకుండా డాక్టర్ దగ్గరికెళ్తే వేరే మాత్రకి మార్చారు, కొన్ని వారాలకి దగ్గు పోయింది.

ఫినైలెఫ్రిన్, తుమ్ములు తగ్గించే క్లోర్‌ఫెనిరమిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీద వెయ్యమని 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. బీపీ వాళ్ళ కోసం కూడా అలాంటి మాట, తెలుగులో, కళ్ళజోడు లేకపోయినా కనపడేంత అక్షరాలతో వేయించమని మీరు ఢిల్లీకి రాయండి. కానీ మాత్రలు కత్తిరించి అమ్మినంతకాలం లేబుల్ ఒక్కటే చాలదు సార్, అందుకే ప్రతి మెడికల్ షాపులో కౌంటర్ మీద "బీపీ ఉంటే ముందే చెప్పండి" అని బోర్డు పెట్టించండి, విడిగా ఇచ్చే కవర్ మీద మందు పేరు రాయాల్సిందే అనండి, బీపీ మాత్రలు ఇచ్చేటప్పుడు ఏఎన్ఎం, ఆశా అక్కలు ఈ ఒక్క ముక్క చెప్పేలా చూడండి. అమ్మ ఆశా అక్క చెప్తే వింటుంది, నేను చెప్తే వినదు.

ఆ కత్తిరించిన ముక్క ఇంకా పారెయ్యలేదు, దాని ఫోటో ఈ లేఖతో పెడుతున్నాను, అందులో మందు పేరు మీరు చదవగలరేమో చూడండి.

ఇట్లు,
కంచరపాలెం నుంచి ఒక బీపీ పేషెంటు కొడుకు