ఆదివారం యూ2 అభిమానుల కలయిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మా ఇంట్లో కలుసుకుని, ఐర్లాండ్ రాక్ సంగీత బృందం యూ2 కచేరీలకు వెళ్లిన జ్ఞాపకాలు పంచుకుందాం.

1976లో డబ్లిన్‌లో మొదలైన ఈ బృందం భారతదేశంలో తొలిసారి పాడింది 2019 డిసెంబర్ 15న, నవీ ముంబైలోని డి.వై. పాటిల్ స్టేడియంలో. అంతవరకు ఆగలేక నేను నవంబర్ 30న సింగపూర్ కచేరీకి వెళ్లాను, పదిహేను రోజులు తిరగకముందే హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో ముంబై చేరాను. ఒకే పాటల వరుసను రెండోసారి వింటున్నా, డ్రమ్మర్ లారీ ముల్లెన్ ఒక్కడే ముందుగా నడిచివచ్చి వాయించడం మొదలుపెట్టగానే నా కళ్లు చెమర్చాయి. ఎ.ఆర్. రెహమాన్ తన కుమార్తెలతో కలిసి వారితో పాడినప్పుడు, ఆ రాత్రి మన కోసమే దాచి ఉంచారనిపించింది. తెరపై భారతీయ మహిళల చిత్రాలు కనిపించినప్పుడు మైదానమంతా హోరెత్తింది.

అందువల్ల మీరు చూసిన కచేరీ ఏదైనా, దాని టికెట్టు, ఫొటోలు, అప్పట్లో రాసుకున్న కాగితాలు వెంట తీసుకురండి. ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడవచ్చు. కచేరీకి వెళ్లలేకపోయినవారు తమకు ప్రాణమైన ఒక పాటను ఎంచుకుని వస్తే చాలు, వారికీ అంతే సమయం ఉంటుంది.

వచ్చేవారు గురువారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయండి, భోజనాల ఏర్పాటుకు సంఖ్య కావాలి. పాత టికెట్లపై సిరా వెలిసిపోతుంది కనుక, తెచ్చేముందు ఫొటో తీసి పెట్టుకోవడం మరువకండి.