ఎత్తు పెంచే పోస్టర్లను పట్టించుకునేవారే లేరా?

సంపాదకుల గారికి,

కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినబడితే చాలు, మా బస్టాండు గోడల మీద 'మూడు నెలల్లో మూడంగుళాలు గ్యారంటీ' అన్న పోస్టర్లు వెలుస్తాయి. మగ అభ్యర్థులకు కావాల్సిన ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఒక్క సెంటీమీటరు తక్కువైన కుర్రాళ్ల టెన్షనే ఈ వ్యాపారానికి పెట్టుబడి. మా వీధిలో ఒకబ్బాయి కొన్న డబ్బా చూశాను. రోజుకు రెండు చెంచాలు పాలల్లో కలుపుకొని తాగాలట. అందులో ఏముందయ్యా అంటే 'అరుదైన మూలికలు' అని తప్ప ఇంకో ముక్క రాసి లేదు.

ఎముకల చివర్లలో ఉండే ఎదుగుదల పొర మూసుకుపోయాక ఎత్తు పెరగడం ఉండదు. ఉద్యోగానికి దరఖాస్తు చేసే వయసుకు దాదాపు అందరిలోనూ అది మూసుకుపోయి ఉంటుంది. అప్పటికి ఎంత ఎత్తు ఉన్నారన్నది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చిందే. పిల్లల వైద్యులు వేసే లెక్క ఒకటుంది: అబ్బాయికైతే తల్లిదండ్రుల ఎత్తులు కూడి, 13 సెంటీమీటర్లు కలిపి సగం చేస్తారు, అమ్మాయికైతే 13 తీసేసి సగం చేస్తారు. నాన్న 165, అమ్మ 152 అయితే కొడుకు 165 దగ్గర, కూతురు 152 దగ్గర. అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్లు తేడా రావచ్చు. ఎత్తును నిర్ణయించే జన్యువు ఏదో ఒక్కటే కాదు. 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏను పరిశీలిస్తే ఎత్తుతో ముడిపడిన జన్యు తేడాలు 12 వేలకు పైగా తేలాయి. అన్నదమ్ముల్లో ఒకడు తల ద్వారబంధానికి తగిలేంత పొడుగై, ఇంకొకడు అమ్మ పోలికతో ఆగిపోయేది అందుకే.

అలాగని అంతా వంశం మీదకు నెట్టేయడమూ తప్పే. అంగన్‌వాడీలో రెండేళ్ల పాపను కొలబద్దకు ఆనించి, పిలక అడ్డొస్తుంటే పక్కకు నొక్కి ఎత్తు రాసుకుంటారు. తక్కువ వస్తే 'వాళ్ల నాయనా పొట్టే కదా' అని వదిలేయడం చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను కొలిచి చూసింది. తల్లిపాలు, తిండి, శుభ్రత సరిగ్గా ఉంటే అయిదేళ్లలోపు అందరూ ఇంచుమించు ఒకేలా పెరిగారు. మన దగ్గరేమో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వయసుకు తగ్గ ఎత్తు లేని చిన్నారులు తెలంగాణలో 2015-16లో 28 శాతం ఉంటే 2019-21కి 33.1 శాతానికి పెరిగారు. అయిదేళ్లలో వంశాలు మారిపోవు కదా! గర్భిణికి అందే భోజనం, పసివాళ్లకు అందే గుడ్డు, బాలామృతం (అంగన్‌వాడీలో ఇచ్చే పౌష్టిక పిండి) ఎక్కడ తగ్గుతున్నాయో అధికారులు చూడాల్సింది అక్కడ.

ఇక ఆ పోస్టర్ల సంగతి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం షెడ్యూలులో, అంటే మందుల ప్రకటనలు ఇవ్వకూడని అంశాల జాబితాలో, 'మనిషి ఎత్తు' కూడా ఉంది. ఎత్తు పెంచుతామంటూ మందుకు ప్రకటన ఇవ్వడమే కాదు, దాన్ని ప్రచురించడంలో పాలుపంచుకోవడమూ నేరమే. ఔషధ నియంత్రణ అధికారులు పెద్దగా వెతకక్కర్లేదు, పోస్టర్ల మీదే ఫోన్ నంబర్లు ఉంటున్నాయి. ఇలాంటి ప్రకటనలు వేసే లోకల్ కేబుల్ టీవీ వాళ్లకూ నోటీసులివ్వాలి. పత్రికలు, మీదీ కలుపుకొని, క్లాసిఫైడ్స్‌లో ఇలాంటివి తీసుకోబోమని ప్రకటిస్తే బాగుంటుంది.

- ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, జనగామ